ఒంటి వెంట్రుక కుంచె కథ ఇక చాలించండి

ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నగరంలో ఒంటె ఎముక మీద సూక్ష్మ చిత్రాలు వేసే వీడియోలు ఈమధ్య తెగ తిరుగుతున్నాయి. కింద వ్యాఖ్యలు చూస్తే అందరిదీ ఒకటే పాట. "అమ్మో, ఎంత చిన్నదో!" "ఒక్క వెంట్రుకతో గీస్తారట!" నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఒక్క వెంట్రుక రంగును ఎలా పట్టుకుంటుందండీ? పిల్లి వెంట్రుకలనో ఉడుత వెంట్రుకలనో చిన్న కట్టగా కట్టి, కొన సూదిలా తేలేటట్టు కుంచె చేస్తారు. రంగును మోసేది కట్ట, గీత గీసేది కొన. దుకాణదారు బేరం కోసం చెప్పే కథను మనం కళావిమర్శ అనుకుని పంచుకుంటున్నాం.

చిన్నగా ఉండటమే గొప్పయితే బియ్యపుగింజ మీద పేరు రాసేవాడికీ దండం పెట్టాలి. అసలు బొమ్మ వేసే ఆ ఎముక పలక అంత చిన్నగా ఎందుకుంటుందో ఒకసారి ఆలోచించండి. ఒంటె కాలి ఎముక లోపల బోలుగా, పైన గుండ్రంగా ఉంటుంది. నిలువుగా కోసి చదును చేస్తే దక్కేది సన్నని పలకే. అంతకన్నా వెడల్పు కావాలంటే ముక్కలు అతకాలి. కోయడానికి ముందు ఎముకను ఉడికించి మూలుగ, కొవ్వు పూర్తిగా తీసేయాలి. కొవ్వు మిగిలితే కొన్నాళ్లకు పసుపు మరక పైకి తేలుతుంది, రంగు పట్టు వదులుతుంది. తర్వాత తెల్లబరచడం, ఉప్పు కాగితంతో నునుపు చేయడం. అంతా అయ్యాక కూడా అది కాగితంలా రంగును పీల్చుకోదు. తడి పైపైనే నిలుస్తుంది. ఆరకముందే రెండో గీత తగిలితే మొదటిది లేచిపోతుంది. ఓపిక ఎంత అవసరమో ఇక్కడ తెలుస్తుంది కానీ, ఓపిక ఒక్కటే బొమ్మ వేయదు.

బొమ్మ వేసేది గీత. భూతద్దం తీసుకుని చిత్రంలోని అమ్మాయి భుజం మీదుగా జారే పైట అంచును చూడండి. మంచి చేయి అయితే ఒకే గీత సన్నగా మొదలై, వంపు దగ్గర బలిసి, మళ్లీ సన్నబడి మాయమవుతుంది. చేయి కుదరనివాళ్ల గీత తీగ ముక్కలా ఎక్కడా మందం మారకుండా పోతుంది. అదే భూతద్దం కింద రంగు చుక్కలు వరుస తప్పకుండా కనిపిస్తే అది అచ్చు వేసిన బొమ్మ. అలాంటివి కూడా చక్కటి ఖాతమ్ చట్రంలో బిగించి అమ్ముతారు. చెక్క, ఎముక, ఇత్తడి సన్నని పుల్లలను కట్టగా అతికించి అడ్డంగా కోసి చేసే ఆ చట్రం మాత్రం నిజమైన పనితనం కావచ్చు. బొమ్మ కన్నా చట్రమే విలువైన ముక్కను కొని మురిసిపోయేవాళ్లున్నారు!

నా అసలు కోపం వేరే. ఇస్ఫహాన్‌లోని నఖ్ష్-ఎ-జహాన్ మైదానం చుట్టూ ఉన్న దుకాణాల్లో ఎముక మీద కనిపించేవి ఎక్కువగా అవే: పోలో ఆట, వేట, మధుపాత్ర పట్టుకున్న అమ్మాయి. నాలుగు వందల ఏళ్ల కిందటి ఇరాన్ రాజు షా అబ్బాస్ కాలంలో ఆ మైదానంలో నిజంగానే పోలో ఆడేవారు. గోలు రాతి స్తంభాలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి కూడా. సరే, ఒప్పుకుంటాను. కానీ అదే ఊళ్లో, అదే రాజు దగ్గర పనిచేసిన చిత్రకారుడు రెజా అబ్బాసీ రాజులనూ యుద్ధాలనూ పక్కనబెట్టి విడి కాగితాల మీద సామాన్యులను, ముసలివాళ్లను, బద్ధకంగా ఒరిగిన యువకులను గీశాడు. 1930లో అక్కడే పుట్టిన చిత్రకారుడు మహమూద్ ఫర్ష్‌చియాన్ పాత పద్ధతినే సుడిగాలిలా తిప్పి తనదైన దారి వేసుకున్నాడు. అలాంటి ఊరి కుంచె ఈరోజు పోలో గుర్రాల దగ్గర ఆగిందంటే తప్పు కళాకారుడిది కాదు. కొనేవాళ్లు అడిగేది అదే. సంచిలో పట్టాలి, చవకగా రావాలి, చూడగానే "పర్షియన్" అనిపించాలి. ఇంటి అద్దె కట్టాల్సిన మనిషి ఇంకేం గీస్తాడు?

2020లో యునెస్కో ఇరాన్, తుర్కియే, అజర్‌బైజాన్, ఉజ్బెకిస్తాన్‌ల సూక్ష్మ చిత్రకళను ఉమ్మడిగా వారసత్వ జాబితాలో చేర్చింది. సంతోషమే. జాబితాలో పేరు చేరితే గిరాకీ మారుతుందా?

"ఏనుగు దంతం మీద వేసేవే అసలైనవి, ఎముక నాసిరకం" అనే పెద్దమనుషులకూ ఒక మాట. అంతర్జాతీయ దంతపు వ్యాపారం మీద 1989లో నిషేధం నిర్ణయమైంది, అది న్యాయమే. మాంసం కోసం కోసిన ఒంటె ఎముక మీద గీసిన మంచి గీత, ఏనుగును చంపి తెచ్చిన పలక మీది చెత్త గీత కన్నా ఎప్పుడూ మేలే. అసలు ఎముకో కాదో తెలియాలంటే పలక వెనక్కి తిప్పండి. సన్నని నల్ల చుక్కలు, గీరల్లాంటివి ఉంటాయి. ఒకప్పుడు నెత్తురు పారిన దారులవి. ప్లాస్టిక్‌కు అవి ఉండవు.

ఇరాన్ వెళ్లే మనవాళ్లు కొందరున్నారు కదా. అక్కడ వీసా, మాస్టర్‌కార్డులు పనిచేయవు, నగదు తీసుకెళ్లండి. దుకాణంలో సగం ధరకు బేరమాడే ముందు, "పోలో కాకుండా ఇంకేమైనా గీశారా?" అని ఒక్కసారి అడగండి. లేదనే అనొచ్చు. ఆ ఏడాది పదిమంది అలా అడిగితే మాత్రం, పై ఏడాదికి ఏదో ఒకటి గీసి పెట్టకపోడు.