ఇక్కణ్నుంచి ఇక్కడిదాకా

మన బడుల్లో పిల్లలకు చదువు సరిగ్గా అబ్బడం లేదని బాధపడేవాళ్లు పెన్సిల్ గొప్పతనాన్ని మర్చిపోతున్నారు. మా నెల్లూరులో ఏడో తరగతి పిల్లాడి సోషల్ పుస్తకం ఒకటి తీసి చూడండి. పేజీ మధ్యలో ఒక బ్రాకెట్ మొదలై ఎనిమిది లైన్ల కింద ముగుస్తుంది. పక్కనే 'ఇంపార్టెంట్' అని ఉంటుంది. బ్రాకెట్ లోపలుండేది చదువు, బయటుండేది కాగితం ఖర్చు. ఆ పుస్తకం రాసేదానికి పెద్దలంతా కూర్చుని ఎన్నాళ్లు కష్టపడ్డారో గానీ, సార్ అర నిమిషంలో తేల్చేస్తారు: "ఇక్కణ్నుంచి... ఇదిగో, ఇక్కడిదాకా. మార్క్ చేసుకోండి."

ఈ పద్ధతిని అర్థం చేసుకోలేని పిల్లలు అక్కడక్కడా ఉంటారు. మా పక్కింటివాళ్ల అబ్బాయి అలాంటివాడే. వాళ్లకు కోవూరు వైపు పెన్నా కాలవ కింద నాలుగెకరాల వరి మడి ఉంది. యూనిట్ టెస్టులో 'వరి సాగుకు అనుకూలమైన పరిస్థితులేవి?' అని నాలుగు మార్కుల ప్రశ్న వచ్చింది. వీడు రాశాడు: "సోమశిలలో నీళ్లుండాలి. కాలవకు టయానికి వదలాలి. దమ్ము చేసేదానికి ట్రాక్టర్ దొరకాలి. నాట్లకు మనుషులు రావాలి. కోతలప్పుడు వాన పడకూడదు. పుట్టికి రేటుండాలి."

సున్నా వచ్చింది. పక్కన ఎర్ర ఇంకుతో 'సొంత కవిత్వం వద్దు' అని సార్ దస్తూరీ. రావలసిన జవాబు 25 డిగ్రీలకు పైగా ఉష్ణోగ్రత, 100 సెంటీమీటర్లకు పైగా వర్షపాతం. నేను సార్ పక్షమే. కట్టలకు కట్టలు పేపర్లు దిద్దే మనిషి 25 ఎక్కడుంది, 100 ఎక్కడుంది అని వెతుక్కుంటాడు గానీ, ట్రాక్టర్ దొరికిందా లేదా అని చూస్తూ కూర్చుంటాడా?

పేరెంట్స్ మీటింగ్‌లో వాళ్ల నాయన అడగనే అడిగాడు. "సార్, వాడు రాసింది నిజమే గదా?"

"పంటకు నిజమేనండీ. మార్కులకు కాదు."

ఆయన కాసేపు ఆలోచించి, "అంతేలే సార్" అని, కొడుకు వైపు తిరిగి, "సార్ చెప్పినట్టు రాయరా అబ్బయ్యా" అన్నాడు. ఆ రోజు నుంచి పిల్లాడికి మార్కుల వరి వేరు, నాయన వరి వేరు అని తెలిసిపోయింది. రెండోదాని గురించి బడిలో ఎత్తడు. ఇప్పుడు మంచి మార్కులే వస్తున్నాయి.

ఇక క్రమశిక్షణ. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టకూడదంది, మనసు నొప్పించకూడదని కూడా అంది. మనం చట్టాన్ని గౌరవించేవాళ్లం. బెత్తం అటక మీద పడేసి, తప్పు రాసిన జవాబును యాభై సార్లు రాయిస్తున్నాం. నలభయ్యోసారికి వేళ్లు నొప్పెడితే అది పెన్ను పని, సార్ పని కాదు.

అలాగని సార్లను తిట్టేదానికి లేదు. వాళ్లను మనం ఎలా తయారుచేశామో చూడండి. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కొన్ని మార్గదర్శక సూత్రాలు చెప్పింది. బడిలో నేర్చుకునేదాన్ని బయటి జీవితంతో కలపాలన్నది ఒకటి. బట్టీ పద్ధతి నుంచి బయటపడాలన్నది ఇంకొకటి. డీఎస్సీకి చదివే మా మేనకోడలు ఈ సూత్రాలను వరసగా బట్టీ పట్టడం నా చెవులారా విన్నాను. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, వరండాలో అటూ ఇటూ తిరుగుతూ, "బట్టీ విధానానికి స్వస్తి, బట్టీ విధానానికి స్వస్తి" అని జపం. సూత్రాల వరస తప్పితే బిట్ పోతుందట. రేపు ఆ పిల్ల టీచరై క్లాసులోకి వెళ్లి పెన్సిల్ తీస్తే ఎవర్ననాలి?

అన్నట్టు, తిక్కన మా ఊరివాడు. మనుమసిద్ధి కొలువులో ఉన్నాడు, నిర్వచనోత్తర రామాయణం రాశాడు, విరాటపర్వం మొదలుకొని పదిహేను పర్వాల భారతాన్ని తెలుగు చేశాడు, కవిబ్రహ్మ, ఉభయకవిమిత్రుడు. చూశారా, ఒక్క తప్పు లేదు. నలభై ఏళ్ల కిందటి బ్రాకెట్ ఇది, ఇంకా చెరగలేదు. ఆయన పద్యాల్లో మనుషులు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకుంటున్నట్టే ఉంటుందని పండితులంటారు. అన్ని మాటలు రాసిన మనిషి ఇప్పుడు మా బడిలో ఉంటే క్లాస్ లీడర్ బోర్డు మీద 'టాకింగ్' అని రాసి, కింద మొట్టమొదట తిక్కన పేరే ఎక్కించి ఉండేవాడు. మా తమ్ముడి కూతురు ఆరో తరగతి. తెలుగు క్లాసులో లేచి, "మేడమ్, తిక్కన ఇల్లు మనూళ్లో యాడుండేది?" అని అడిగిందట. "పరీక్షలో వస్తుందా మే అది? కూర్చో" అన్నారట మేడమ్. పిల్ల ఇంటికొచ్చి ఏడ్చింది.

పోనీలే అని ఆదివారం సాయంత్రం దాన్ని స్కూటరు మీద రంగనాయకుల గుడి వెనక పెన్నా ఒడ్డుకు తీసుకెళ్లాను. బడి చెప్పనిది పెదనాన్న చెప్తాడని ఒక గర్వం. మెట్ల మీద కూర్చుని మొదలుపెట్టాను: "పెన్నా నది కర్ణాటకలోని నందికొండల్లో పుట్టి, 597 కిలోమీటర్లు ప్రవహించి, మన జిల్లాలోని ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది."

అది ఎదురుగా చూసింది. ఈ చివర నుంచి ఆ చివరకు ఇసక. అక్కడక్కడా తుమ్మ చెట్లు. మధ్యలో నాలుగు బర్రెలు.

"పెదనాన్నా, మరి నీళ్లేవి?"

నేను గొంతు సవరించుకున్నాను.

"అది సిలబస్‌లో లేదమ్మా. పద, చీకటి పడుతోంది."