నాలుగేళ్ల పిల్ల నడవగలిగినంత దూరం

పక్కన ఒక గుట్టో, చెరువో, కాస్త అడవో ఉన్న ప్రతి చిన్న నగరమూ ఇప్పుడు దాన్ని పర్యాటక ఆకర్షణగా మార్చాలని చూస్తోంది. ప్రతిపాదనలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి: అద్దాల వంతెన, తాడుకు వేలాడుతూ జారే జిప్‌లైన్, రంగుల ఫౌంటెన్, ఫొటోలు దిగడానికి ఊరి పేరుతో పెద్ద అక్షరాలు. వీటి మంచిచెడ్డల మీద చర్చ చాలానే నడిచింది, మళ్లీ మొదటినుంచి చెప్పుకోనక్కర్లేదు. ఆ చర్చల్లో ఎప్పుడూ రాని మనిషి మాత్రం ఒకరున్నారు: నాలుగేళ్ల పిల్ల. ఇంటిల్లిపాదీ కలిసి వెళ్లే చోటు ఎలా ఉండాలో తేల్చాల్సింది ఆ పిల్ల కాళ్లూ, ఓపికా, ‘అమ్మా, అర్జెంటు’ అన్నాక ఆ పిల్ల ఆగగలిగే నిమిషాలూ. ఈ మూడింటికీ సరిపోయేలా నీడలో రెండు కిలోమీటర్ల కాలిబాట వేయగలిగిన నగరానికి వేరే ఆకర్షణ అక్కర్లేదు.

జిప్‌లైన్ దగ్గర ఒక ఆదివారం ఎలా గడుస్తుందో చూడండి. ఎత్తు, బరువు పరిమితులుంటాయి, ఉండాలి కూడా. చిన్నపిల్లలు ఎక్కకూడదు, మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ ఎక్కలేదు, చంటిబిడ్డను ఎత్తుకున్న తల్లి ఎక్కదు. ఐదుగురి కుటుంబంలో ఒకరో ఇద్దరో గంటసేపు వరసలో నిలబడి ఒక నిమిషం జారుతారు. మిగతావాళ్లు కింద ఎండలో బ్యాగులు పట్టుకుని చూస్తారు. రెండోసారి వెళ్దామని ఆ కుటుంబంలో ఎవరంటారు? ఏడాదికి ఒక్కసారి వెళ్లే చోటుకూ ప్రతి వారం వెళ్లే చోటుకూ తేడా ఇక్కడే ఉంది. చిన్న నగరానికి కావాల్సింది రెండోది, ఎందుకంటే అక్కడ ఉండే జనం కొద్దిమందే. వాళ్లే మళ్లీ మళ్లీ రావాలి.

నడక లెక్కతో మొదలుపెడదాం. స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం కొండనడకల్లో ఇప్పటికీ చెలామణిలో ఉంది: గంటకు సుమారు 5 కిలోమీటర్లు, ఎక్కిన ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. అది ఆగకుండా నడిచే పెద్దల లెక్క. చీమలబారు కనిపిస్తే అక్కడే కూర్చుండిపోయే పిల్లతో గంటకు ఒకటిన్నర కిలోమీటర్లు నడిస్తే బాగా నడిచినట్టే. గేటు దగ్గర బోర్డు మీద ‘2 కి.మీ., 25 నిమిషాలు’ అని రాస్తే దాన్ని నమ్మి బయల్దేరిన తండ్రి సగం దారిలో పదహారు కిలోల బిడ్డను భుజానికెత్తుకుని వెనక్కి వస్తాడు, మళ్లీ రాడు. చిన్నపిల్లలతో గంటా ఇరవై నిమిషాలు పడుతుందని రాయాలి. మెట్లుంటే ఎన్నో, తాగునీరు చివరిసారి ఎక్కడ దొరుకుతుందో కూడా అక్కడే రాయాలి.

ఆ రెండు కిలోమీటర్లు ఒకే చుట్టుగా ఉండకూడదు. ఎనిమిది అంకెలా, కిలోమీటరు చొప్పున రెండు చుట్లు వేసి, అవి కలిసే చోట మరుగుదొడ్డి, తాగునీరు, బెంచీలు, నీడ పెట్టాలి. అప్పుడు దారిలో ఎక్కడున్నా మరుగుదొడ్డి అర కిలోమీటరుకు మించి దూరం ఉండదు. బిడ్డను ఎత్తుకుని చకచకా నడిస్తే ఆరేడు నిమిషాలు. ఒక చుట్టుకే అలసిపోయినవాళ్లు అక్కడితో ఆపి ఇంటికెళ్లొచ్చు, ఓడిపోయామన్న భావన ఉండదు. తాత బెంచీ మీద కూర్చుంటే మనవలు రెండో చుట్టు తిరిగొస్తారు. చాలాచోట్ల మరుగుదొడ్డిని గేటు పక్కన, పార్కింగ్ దగ్గర కడతారు, పైపులైన్ అక్కడిదాకా ఉంది కాబట్టి. ఇంకో మూడు నాలుగు వందల మీటర్ల పైపు వేయడానికి వెనకాడి మొత్తం దారిని పనికిరాకుండా చేస్తారు.

ఇక బాట. నేను ఎక్కువసేపు మాట్లాడాలనుకునేది దీని గురించే, ఎందుకంటే ఎక్కువ తప్పులు జరిగేదీ ఇక్కడే. కాలిబాటకు శత్రువు మనుషుల అడుగులు కాదు, నీళ్లు. గుట్ట మీద నీరు ఏ దారిన దిగుతుందో అదే దారిన బాటను నిట్టనిలువుగా వేస్తే మొదటి వానాకాలానికే అది కాలువవుతుంది. మట్టి కొట్టుకుపోయి రాళ్లు, వేళ్లు తేలతాయి. నడిచేవాళ్లు ఆ గతుకులు తప్పించుకోవడానికి పక్కనున్న గడ్డి మీదికి మళ్లుతారు, అదీ కోసుకుపోతుంది. మూడేళ్లలో మీటరున్నర బాట ఐదు మీటర్ల మట్టిగాయంగా మారుతుంది. అప్పుడు దాని మీద సిమెంటు పోస్తారు. నీరు ఈసారి సిమెంటు పక్కనుంచి పారి, అడుగున మట్టిని తినేసి, పలకను గాల్లో వేలాడదీస్తుంది.

బాట గుట్టను అడ్డంగా, ఏటవాలుగా ఎక్కాలి. బాటలు వేసేవాళ్లు పాటించే ‘సగం సూత్రం’ ఒకటుంది: బాట వాలు, అది సాగే గుట్ట పక్కవాలులో సగానికి మించకూడదు. మించితే నీరు బాటను దాటి కిందికి పోకుండా బాట వెంబడే పారుతుంది. మట్టిబాట సగటు వాలు 10 శాతం దాటకూడదన్నది ఇంకో కట్టుబాటు. పిల్లలు, ముసలివాళ్లు, తోపుడు బండిలో పసివాళ్లు వచ్చే చోట 5 శాతమే మేలు, అంటే 20 మీటర్ల నడకకు ఒక మీటరు ఎత్తు. ఆ వాలుతో కిలోమీటరు చుట్టులో 25 మీటర్లు ఎక్కి దిగొచ్చు. చుట్టుపక్కల దృశ్యం కనిపించడానికి చాలాచోట్ల ఆ ఎత్తు చాలు. చక్రాల కుర్చీ వచ్చే చోట పన్నెండుకు ఒకటి వాలును చిన్న ముక్కల్లోనే వాడాలి, అదీ ప్రతి 9 మీటర్లకు ఒక చదును ఇచ్చి.

వెడల్పు మీటరున్నర ఉంటే ఇద్దరు పక్కపక్కన నడవగలరు, పిల్ల చెయ్యి వదలనక్కర్లేదు. గుట్ట వైపున్న లోపలి అంచుకంటే బయటి అంచు 5 శాతం పల్లంగా ఉండాలి. మీటరున్నర వెడల్పుకు ఏడున్నర సెంటీమీటర్లు: కంటికి పెద్దగా కనపడదు, కాలికి తెలియదు, నీటికి మాత్రం తెలుస్తుంది. దానికి తోడు 10–15 మీటర్లకోసారి బాటను కొద్దిగా దించి మళ్లీ లేపాలి. పైనుంచి వచ్చిన నీరు ఆ పల్లంలో బయటికి తప్పుకుంటుంది. ఇంత చేసినా ఏడాది తిరిగేసరికి అడుగుల ఒత్తిడికి నడుమ భాగం కుంగి, బయటి అంచున మట్టి చిన్న కట్టలా పేరుకుంటుంది. వానలకు ముందు ఒక మనిషి పారతో ఆ కట్టను చెక్కేస్తే బాట ఇరవై ఏళ్లు ఉంటుంది. చెక్కకపోతే నీరు లోపలే చిక్కుకుని మళ్లీ పాత కథే.

నీడ విషయంలోనూ ఇలాంటి తప్పే. ఉన్న పెద్ద చెట్టు చుట్టూ సిమెంటు అరుగు కట్టి, దాని కింద టైల్స్ పరిచి, దాన్ని సుందరీకరణ అంటారు. చెట్టుకు ఆహారం, నీరు అందించే సన్నని వేళ్లు ఎక్కువగా నేలలో పై అర మీటరు లోతులోనే ఉంటాయి, కొమ్మల గొడుగు అంచు దాటి పాకుతాయి. వాటికి గాలి కావాలి. టైల్స్ పరిస్తే, లేదా కాండం చుట్టూ అడుగు ఎత్తు మట్టి పోస్తే ఊపిరాడదు. చెట్టు వెంటనే చావదు, అదే ప్రమాదం. కొన్నేళ్లకు పైకొమ్మల చివర్లు ఎండటం మొదలవుతుంది. అప్పటికి కాంట్రాక్టరూ ఉండడు, కారణం ఎవరికీ గుర్తూ ఉండదు. టైల్స్ బదులు 5 నుంచి 10 సెంటీమీటర్ల మందాన ఆకులు, చెక్కపొట్టు పరిస్తే చాలు. కాండానికి మాత్రం తగలనివ్వకూడదు, తగిలితే బెరడు కుళ్లుతుంది. కొత్తగా నాటేవాటిలో మొదటివి ఆటస్థలానికి పడమర పక్కన ఉండాలి. పిల్లలు వచ్చేది సాయంత్రమే, ఎండ వచ్చేది ఆ పక్కనుంచే. నీడ లేని చోట రబ్బరు పరుపు, ప్లాస్టిక్ జారుడుబల్ల వేసవి మధ్యాహ్నం 60 డిగ్రీలు దాటి వేడెక్కగలవు.

చెరువు గట్టు గురించి ఇంకాస్త గట్టిగా చెప్పాలి, ఇది ప్రాణాల విషయం. సుందరీకరణ పేరుతో అంచు పొడవునా నిటారుగా రాతికట్టుడు కడతారు. తడిసి నాచు పట్టిన ఆ కట్టుడు మీద జారిన పిల్లే కాదు, ఈత వచ్చిన పెద్దమనిషి కూడా పైకి రాలేడు. మునిగిపోయేవాళ్లు చేతులూపి కేకలు పెడతారనుకుంటాం. జీవరక్షకుడిగా ఏళ్లతరబడి గమనించిన ఫ్రాంక్ పియా తేల్చింది వేరు: నోరు నీటి కిందికీ పైకీ పోతుంటే అరవడానికి ఊపిరి ఉండదు, చేతులు పక్కలకు చాచి నీటిని నొక్కడంలోనే ఉంటాయి, మునిగేలోపు ఉండేది 20 నుంచి 60 సెకన్లు. అందుకని గట్టు రూపమే కాపలా కాయాలి. అంచు నుంచి సుమారు 3 మీటర్ల వెడల్పున, మోకాలి లోతు లోపు చదును మెట్టు వదిలి, అక్కడ జమ్ము, తుంగ పెరగనివ్వాలి. పిల్ల జారినా నిలబడే లోతులోనే ఉంటుంది, ఆ గుబురు ముందుకు పోనివ్వదు. పైగా పక్షులు వచ్చేదీ ఆ మొక్కల్లోకే. పడవలు నడిపే చోట పిల్లల సైజు లైఫ్ జాకెట్లు ఉండితీరాలి. తొడిగాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే గడ్డం, చెవులు జాకెట్‌లోకి దూరిపోతున్నాయంటే అది ఆ పిల్లకు పెద్దది. నీటిలో తల మీదుగా ఊడిపోతుంది. కాళ్ల మధ్యనుంచి పోయే పట్టీ లేకుండా చిన్నపిల్లలను పడవెక్కించకూడదు.

బాటకు టికెట్ ఉండదు, వంతెనకు ఉంటుంది, బయటి ఊళ్లవాళ్లు వస్తేనే ఆదాయం, ఉద్యోగాలు అంటారు ఇంకో పక్షం. ఆ వాదనలో బలం లేకపోలేదు: బయటివాళ్లు వచ్చిన నెలల్లో వ్యాపారం పెరుగుతుంది. కానీ కొత్తదనమే సరుకైన చోట, పక్క జిల్లాలో ఇంకాస్త పొడవైన వంతెన వచ్చిన రోజున ఆ ఆదాయం అటు మళ్లుతుంది. ఉక్కు తాళ్ల తనిఖీ, గాజు పలకల మార్పిడి, శిక్షణ పొందిన సిబ్బంది జీతాలు మాత్రం ఇక్కడే మిగులుతాయి.

కాలిబాట ఇచ్చే లాభం టికెట్ పుస్తకంలో కనిపించదు, పిల్లల కళ్లలో కనిపిస్తుంది. ఇది అలంకారం కాదు. చైనాలోని గ్వాంగ్‌జౌలో 12 పాఠశాలల్లో మొదటి తరగతి పిల్లల మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2015లో వచ్చాయి. సగం బడుల్లో రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపించారు. మూడేళ్ల తర్వాత ఆ పిల్లల్లో కొత్తగా హ్రస్వదృష్టి (దూరంలో ఉన్నవి మసకగా కనిపించడం) వచ్చినవాళ్లు సుమారు 30 శాతం, మిగతా బడుల్లో సుమారు 40 శాతం. చెట్టు నీడలో కూడా వెలుతురు తరగతి గదిలోకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అంటే కావాల్సింది రోజూ వెళ్లగలిగే చోటు. ఇక ఆటవస్తువుల సంగతి: డెన్మార్క్‌లో ల్యాండ్‌స్కేప్ వాస్తుశిల్పి సోరెన్‌సెన్ ఆలోచనతో 1943లో కోపెన్‌హాగెన్ శివారు ఎమ్‌డ్రప్‌లో పాత చెక్కలు, పనికిరాని సామాను పోసి పిల్లలకు వదిలేశారు. పిల్లలు వాటితోనే ఆడుకున్నారు. దుంగలు, గుండ్రాళ్లు, ఇసుక, కాస్త పారే నీరు: కాలిబాట పక్కన ఇవి ఉంటే వేరే బొమ్మలు అక్కర్లేదు.

అసలు ఈ వాదన అంతా ఒక పెద్ద జబ్బు దగ్గరికే దారి తీస్తుంది: మన ప్రజాజీవితమంతా పాకిపోయిన ఆరంభశూరత్వం. ప్రారంభించినవారి పేరు రాతి మీద చెక్కుతాం. ప్రతి ఉదయం మరుగుదొడ్డి తాళం తీసే మనిషి పేరు ఎవరికీ తెలియదు, చాలాసార్లు అలాంటి మనిషే ఉండడు. కట్టడానికి నిధులు ఒక పద్దు కింద వస్తాయి, కాపాడుకోవడానికి పద్దే ఉండదు. ఉయ్యాల కింద 30 సెంటీమీటర్ల చెక్కపొట్టు పోస్తారు, పిల్లల కాళ్లు దాన్ని రోజూ పక్కకు తన్నుతూనే ఉంటాయి. వారానికోసారి వెనక్కి లాగి నింపకపోతే, పిల్ల పడేది సరిగ్గా ఖాళీ అయిన చోటే. చెత్తడబ్బా ఆదివారం మధ్యాహ్నానికే నిండుతుంది, సోమవారం ఉదయం ఎత్తుదామంటే రాత్రికే కుక్కలు, కోతులు ఈడ్చేస్తాయి. మొక్కకు మొదటి రెండు మూడు వేసవులు నీరు పోయాలి, నాటినరోజు ఫొటో దిగితే చాలదు. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లకంటే తక్కువ ఉంటే పిడుగు సుమారు 10 కిలోమీటర్ల లోపే ఉంది. జనాన్ని గుట్ట దించి, చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆపడానికి అక్కడ ఒక మనిషి ఉండాలి.

కాబట్టి కావాల్సిన మొదటి ఖర్చు జీతం. బాటకు ఒక శాశ్వత కాపరి, చేతిలో పార, కొడవలి, తాళంచెవులు, గుట్టను మూసే అధికారం. పదేళ్ల నిర్వహణ ఖర్చు కాగితం మీద చూపించని, అది ఎక్కడినుంచి వస్తుందో రాయని ఏ ప్రతిపాదననూ కౌన్సిల్ ఆమోదించకూడదు. కాంట్రాక్టులో ఇంకో షరతు కూడా చేర్చాలి: చివరి విడత బిల్లు మొదటి వానాకాలం అయ్యాకే చెల్లించాలి. అదీ ఇంజినీరు, కాంట్రాక్టరు, కాపరి ముగ్గురూ వాన కురుస్తుండగా రెండు చుట్లూ నడిచి, నీరు నిలిచిన ప్రతి చోటా ఒక మేకు పాతి, ఆ మేకులన్నీ పీకేశాకే.