రెండోసారి ఫ్లష్ నొక్కే మహానుభావులకు ఒక దండం

ఇప్పుడే గచ్చు తుడిచి వచ్చి కూర్చున్నాను. చేతులు ఇంకా ఫినాయిల్ వాసన కొడుతున్నాయి. అవును, మా కమోడ్ మళ్లీ పొంగింది.

నీళ్లు అంచుదాకా వచ్చి ఆగాయి. అక్కడితో వదిలేస్తే నిదానంగా అవే దిగేవి. కానీ మా సుపుత్రుడు ఏం చేశాడు? ఇంకోసారి నొక్కాడు! ఉన్న నీళ్లే పోక నిలబడి ఉంటే, పైనుంచి మరో ట్యాంకుడు కుమ్మరిస్తే ఎటు పోతాయి నాయనా? గడప దాటి హాల్లోకి వచ్చాయి. పైగా "అమ్మా, దానంతట అదే పొంగింది" అట.

ప్లంబర్‌ను పిలిస్తే ఇంకో తమాషా. ఆయన ముందు ఆ కమోడ్, ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు క్లాసులో పిల్లల్లా ఎంత బుద్ధిగా ఉంటుందో! ఒక్కసారి నొక్కి చూసి "బానే ఉందమ్మా" అని వెళ్లిపోతాడు. ఏం బాగు? లోపల వంపులో ఏదో ఇరుక్కునే ఉంది. మామూలు రోజుల్లో నీళ్లు దాని పక్కనుంచి జారిపోతాయి. దానికి ఇంకేదైనా తగులుకున్న రోజు మన మీదికి వస్తాయి. మురుగు కంపు పైకి రాకుండా నీళ్లు నిలిచే ఆ వంపుకి అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల తయారీదారు 1775లోనే పేటెంట్ తీసుకున్నాడు. రెండున్నర శతాబ్దాలైనా అక్కడొక వంపుందన్న కబురు మా ఇంటికి ఇంకా అందలేదు.

ఆ ఇరుక్కున్నదేమిటో కూడా నాకు తెలుసు. వెట్ వైప్స్. ప్యాకెట్ మీద 'ఫ్లష్ చేయవచ్చు' అని ఉందట! చేయవచ్చు, ఎందుకు చేయకూడదు? చెంచా కూడా ఫ్లష్ చేయవచ్చు. టాయిలెట్ పేపర్ నీళ్లలో నాని విడిపోతుంది, ఇవి అలా విడిపోవు. ఎన్నిసార్లు చెప్పినా గోడకి చెప్పినట్టే.

గోడ అంటే గుర్తొచ్చింది. కమోడ్ పక్కన గోడకి యాంగిల్ కాక్ ఉంటుంది కదా, కుడివైపు తిప్పితే ట్యాంకులోకి నీళ్లు రావడం ఆగుతుంది. మా ఇంట్లోనూ ఉంది, అల్మరా వెనకాల! బాత్రూమ్ బాగుచేయించినప్పుడు నేను నెత్తీనోరూ బాదుకున్నాను. మావారు వింటేగా? "పైపులు కనిపిస్తే అసహ్యంగా ఉంటుంది" అని దాని ముందు అల్మరా బిగించేశారు. ఇవాళ నీళ్లు పారుతుంటే నేను అందులోంచి షాంపూ సీసాలు ఒక్కొక్కటే బయటపెట్టి చెయ్యి దూర్చేసరికి హాలు తడిసింది. ఆయనేమో సోఫా మీద కాళ్లు పైకి పెట్టుకుని "త్వరగా కట్టెయ్" అని సలహా!

రేపు స్క్రూడ్రైవర్ తీసుకుని ఆ అల్మరా నేనే ఊడదీస్తున్నాను. అసహ్యంగా అనిపించినవాళ్లు కళ్లు మూసుకుని వెళ్లొచ్చు.