మహారాజశ్రీ వంట సోడా గారికి

మహారాజశ్రీ వంట సోడా గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి అని రాయడానికి చేయి రావడం లేదు. కుశలం అటువైపే ఉంది. తమరు సీసాలో చల్లగా, పొడిపొడిగా ఉన్నారు. ఇటు నిన్న సాయంత్రం నా కేకు పోయింది.

వంటల పుస్తకంలో ఉన్నది రెండు చెంచాల బేకింగ్ పౌడర్. నేను వేసింది తమరిని. రంగు అదే, మెత్తదనం అదే, పక్కపక్కన నిలబెడితే కవలలే. బలం మాత్రం తమరిది దాదాపు మూడింతలు. పిండిలో పెరుగో నిమ్మరసమో ఉంటే తమరు బుసబుసా పొంగి, కార్బన్ డయాక్సైడ్ వదిలి, మర్యాదగా తప్పుకునేవారు. నా పిండిలో పులుపు లేదు. అందుకని ఓవెన్ వేడికి కొంత గాలిగా, కొంత ఆవిరిగా లేచిపోయి, మిగిలింది సోడియం కార్బొనేట్‌గా స్థిరపడింది. అంటే సాక్షాత్తూ బట్టల సోడా! లోపలికి వెళ్లింది వంట సోడా, బయటికి వచ్చింది బట్టల సోడా. మా అబ్బాయి ఒక ముక్క కొరికి, నాలుక బయటపెట్టి, "దీన్ని ఉతికావా నాన్నా?" అని అడిగాడు. వాడు అడిగింది వెటకారానికే గానీ రసాయన శాస్త్రం వాడి పక్షమే.

బేకింగ్ పౌడర్ మాత్రం తక్కువదా? దాని లోపల ఉన్నదీ తమరే కదా! పులుపు గుణమున్న పొడి ఒకటి తోడు తెచ్చుకుని, తేమ తగలకుండా మొక్కజొన్న పిండి కప్పుకుంటే పేరు మారిపోతుందా? 1843లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే ఇంగ్లండు మందుల వ్యాపారి, ఈస్టు పడని భార్య కోసం ఈ వేషం కట్టించాడు. అంతకు ముందే, ఆమెకు గుడ్లూ పడవని గుడ్డు లేని కస్టర్డ్ పొడి చేశాడు. ఆ ఇల్లాలి ఆరోగ్యం కుదుటపడిందో లేదో గానీ నా అలమరలో డబ్బాలు పెరిగాయి.

తమరిని గుర్తుపట్టడానికి నిమ్మకాయ పిండి చూడమన్నారు. పిండాను. తమరు నురగలు కక్కారు. బేకింగ్ పౌడరూ కక్కింది. బట్టల సోడా కూడా ఏమాత్రం సిగ్గు లేకుండా కక్కింది! ఇదేం సాక్ష్యం? చివరికి మంచినీళ్లే నిజం చెప్పాయి. గ్లాసులో చెంచాడు వేసి కలిపితే తమరు కరిగి తేటగా నిలిచారు. బేకింగ్ పౌడర్ బుడగలు తేలుస్తూ, లోపలి పిండి వల్ల నీళ్లను తెల్లగా కలకబరిచింది. మొక్కజొన్న పిండి అయితే బుడగ మాటే లేకుండా పాలలా మారి, కాసేపటికి అడుగున పేరుకుంది. బట్టల సోడాను ఈ పందెంలోకి దించలేదు. దాని చోటు ఇకపై వంటగది బయటే. నాలుకతో పరీక్షించే ధైర్యం నాకు లేదు, ఉండకూడదు కూడా.

నా తప్పు లేదని కాదు. ఒకే రకం గాజు సీసాలు మూడు కొన్నది నేనే. అసలు పొట్లాల మీది పేర్లు చించి పారేసి, "గుర్తుంటుందిలే" అన్నదీ నేనే.

అందుకే ఈ కాగితం అంచు చించి, తమరి సీసాకు అతికించాను. దాని మీద "సోడా" అని రాశాను. ఏ సోడానో రాయడానికి కాగితం చాలలేదు.

ఇట్లు,
ఉతికిన కేకు యజమాని