ముఖం లేకపోయినా నేనే

సెల్ఫ్ పోర్ట్రెయిట్ (తన బొమ్మ తానే వేసుకోవడం) గురించి మీరు రాసిన వ్యాసం బాగుంది. కానీ "ప్రతీకలు ఎన్ని వాడినా మధ్యలో ముఖం ఉండాలి, లేకపోతే అది సెల్ఫ్ పోర్ట్రెయిట్ కాదు" అన్నచోట ఆగిపోయాను. ఇండోనేషియాలోని సులవేసి గుహల్లో, గోడకి చెయ్యి ఆనించి చుట్టూ రంగు చల్లి వదిలిన ముద్రలున్నాయి. వాటిలో ఒకదాని వయసు కనీసం 39,900 ఏళ్లని 2014లో తేల్చారు. అందులో ముఖం ఎక్కడుంది? ఆమాటకొస్తే చెయ్యీ లేదు, రంగు పడని ఖాళీ తప్ప. అయినా చూడగానే ఇక్కడెవరో నిలబడ్డారని తెలిసిపోతుంది. (ఆడమనిషా, మగమనిషా అన్నది వేరే గొడవ.)

నా సెల్ఫ్ పోర్ట్రెయిట్‌కి నేనూ ఆ దారే పట్టాను. చెయ్యి ఫొటో తీసి, కంప్యూటర్లో బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో దాన్ని మాస్క్‌గా (రంగు పడకుండా కప్పే పొరగా) పెట్టి, చుట్టూ స్ప్రే బ్రష్‌తో ఎర్రమట్టి రంగు చల్లాను. లేయర్ మాస్క్ చేసే పనీ అదేగా! తర్వాత ప్రాచీన ఈజిప్టు చిత్రకారుల గళ్లు గీసుకున్నాను. నిలబడ్డ మనిషిని పాదాల నుంచి నుదుటిపై జుట్టు మొదలయ్యేదాకా 18 గళ్లలో సర్దేవాళ్లు వాళ్లు. పిక్సెల్ (తెరమీది బొమ్మలో ఒక్కో చిన్న గడి) మనకి కొత్త కావచ్చు, మనిషిని గళ్లలో చూడటం కాదు.

మొదట అరచేతిలో యాంటికిథెరా యంత్రం పళ్లచక్రాలు పెట్టాను. గ్రీసు దగ్గర ప్రాచీనకాలంలో మునిగిపోయిన ఓడలోంచి 1901లో తీసిన ఆ కంచు యంత్రం సూర్యచంద్రుల గతిని, గ్రహణాలను లెక్కగట్టేది. నాకదంటే పిచ్చి. కానీ బొమ్మలో అచ్చం వాచీ ప్రకటనలా తేలింది, తీసేశాను.

ఇప్పుడు అరచేయి ఖాళీ. వంకర చిటికెన వేలు చూసి మా చెల్లి మాత్రం క్షణంలో పోల్చుకుంది.