ఊగకుండా ఉండాలంటే వేరే డబ్బులు

కారు వెనక హిచ్‌కి, అంటే బంపరు కింద బిగించే ఇనప గొట్టానికి, తగిలించే సైకిల్ ర్యాకు ఎంచుకోవడానికి నాకు పట్టిన కాలంలో, వెళ్లాల్సిన చోటికి ఆ సైకిళ్ల మీదే వెళ్లి తిరిగొచ్చి ఉండేవాణ్ని. తప్పు నాదే. చవకది కొంటే సైకిళ్లు దారిలో రాలిపోతాయని, ఖరీదైనది కొంటే ర్యాకు ముందు సైకిళ్లే చిన్నబోతాయని, బుద్ధిమంతుడిలా మధ్యరకం చాలనుకున్నాను.

మధ్యరకం అంటే మీకు తెలియంది కాదు. ఖరీదైన దాని ఫోటో, చవకదాని బోల్టులు. బొమ్మలో తాళం ఉంటుంది, పెట్టెలో ఉండదు. అది విడిగా కొనుక్కోవాలి. కిందకి వాలిన ఫ్రేమున్న సైకిలు వేలాడదీయాలంటే పైన అడ్డంగా పెట్టే కడ్డీ విడిగా. మీ కారు హిచ్ గొట్టం అంగుళంపావు, ర్యాకు కడ్డీ రెండంగుళాలు అయితే ఆ ర్యాకు మీది కాదు. అడాప్టరు ఉందిగా అంటారు. దాన్ని తగిలిస్తే మోయగల బరువు తగ్గొచ్చన్న సంగతి మాత్రం ఉచితంగానే ఇస్తారు, కాగితం చివర చీమతలకాయంత అక్షరాల్లో.

ఇక వంచే సౌకర్యం గురించి. ర్యాకును వెనక్కి వంచితే డిక్కీ తెరుచుకుంటుందని కొనేముందు పదిసార్లు చదివాను. బయల్దేరే రోజు మొదటి సైకిలు ఎక్కించాను. రెండోదాని పెడలు మొదటిదాని చక్రంలో దూరింది. తిప్పి పెట్టాను, హ్యాండిలు వెళ్లి సీటును పొడిచింది. సీటు దించాను. ఈసారి రెండు హ్యాండిళ్లూ చాలాకాలానికి కలిసిన అన్నదమ్ముల్లా కౌగిలించుకున్నాయి. గంట తర్వాత పట్టీలన్నీ బిగించి చెమట తుడుచుకుంటుంటే మా ఆవిడ అంది: "ఏవండీ, ఇంటి తాళాలు డిక్కీలో బ్యాగులో ఉండిపోయాయి."

చిరునవ్వుతో మీట నొక్కాను. ర్యాకు గంభీరంగా వంగింది, నాలుగు వేళ్లంత. డిక్కీ తలుపు లేచి సైకిలు సీటును తగిలి ఆగింది. కాగితం తీసి చూస్తే, "సైకిళ్లు దించిన తరువాత మాత్రమే వంచవలెను" అని ఉంది. సైకిళ్లు దించేశాక నేను ర్యాకును వంచితే ఏమిటి, దాని ముందు నేను వంగితే ఏమిటి? చివరికి మా బామ్మర్ది వెనక సీటు మీదుగా డిక్కీలోకి పాకి, కాళ్లు మాత్రం బయటికి కనబడేలా అరగంట వెతికాడు. ఈలోగా కారును కాస్త వెనక్కి తీద్దామనుకుంటే, వెనకాల గోడ ఉందని సెన్సరు ఒకటే గోల. కారును నమ్మించడం కూడా నా పనే.

ఇదంతా నవ్వుకుని వదిలేసేవాణ్నే. కానీ పెట్టె మీద "4 సైకిళ్లు" అని అరచేతంత అక్షరాలున్నాయి. ఒక్కో సైకిలు 16 కిలోలు దాటకూడదన్న ముక్క లోపలెక్కడో ఉంది. ఇప్పుడు బ్యాటరీ సైకిలు ఒక్కటే 25 కిలోలు తూగుతోంది. పైగా బరువు బంపరుకు ఎంత దూరం జరిగితే హిచ్ మీద అంత ఒత్తిడి. నాలుగోది ఎక్కడ వేలాడుతుందో కొలిచి చూడండి. నంబర్ ప్లేటు, బ్రేకు లైట్లు ఆ చక్రాల వెనక దాక్కుంటాయి, అది వేరే సంగతి.

అసలు నాకు ఒళ్లు మండింది ఎక్కడంటే, హిచ్ గొట్టంలో కడ్డీ ఊగకుండా బిగించే బోల్టు దగ్గర. అదీ విడిగానే! ఊగకపోవడం విలాసమా? సీటు కవరా అది, కావాలంటే వేయించుకోవడానికి? అది లేకపోతే ప్రతి గుంతకీ ర్యాకు తల ఊపుతుంది, పట్టీలు వదులవుతాయి. ఏదో ఒక రోజు ఓ సైకిలు ఊడి రోడ్డు మీద పడుతుంది. పడేది నా మీద కాదు. నా వెనక బైకు మీద వచ్చే మనిషి ముందు. ఆ మనిషి ఏ మోడలు ఎంచుకున్నాడు? బోల్టు వద్దని ఎవరికి చెప్పాడు? ఒక్క బోల్టు కలిపితే లాభం పోతుందనుకున్న పెద్దలు తమ కార్ల వెనక ఏ ర్యాకు తగిలించుకుంటారో చూడాలని ఉంది.

బోల్టు దారిలో ఉందట. ఈలోగా ముందు చక్రం విప్పి చూస్తే ఒక సైకిలు వెనక సీట్లో, ఇంకోటి డిక్కీలో హాయిగా పట్టాయి. ఇరవై కిలోల పైచిలుకు ర్యాకు మాత్రం మా గుమ్మం పక్కన ఉంది. చీకట్లో వచ్చేవాళ్ల మోకాళ్లకు తగులుతోంది.