కుప్పకూలిన కుప్ప

ఆయిల్ పెయింటింగ్ నేర్చుకుందామనుకున్న కుంచెరాయుడి కన్ను నేరుగా వెళ్లి ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే గీసిన గడ్డివాము మీద పడుతుంది. మనిషిని గియ్యాలంటే ముక్కుతో తంటా, గుర్రాన్ని గియ్యాలంటే కాళ్లతో తంటా. వాముకేముంది, కింద డబ్బా, పైన గొడుగు! ఆ డబ్బాగొడుగుల మీదే మోనే 1890 వేసవి చివర నుంచి మరుసటి ఏడాది దాకా ఫ్రాన్సులోని తన ఊరు జివెర్నీ పొలాల్లో కూర్చుని పాతిక దాకా బొమ్మలు వేశాడు. వెలుతురు మారితే కాన్వాసు మార్చేవాడు. కూకట్‌పల్లి రెండో అంతస్తులో రాయుడికున్నది 12 అంగుళాలకు 16 కాన్వాసు ఒకటి, ట్యూబ్‌లైటు ఒకటి.

సామాన్ల దగ్గరే మొదటి దెబ్బ. కోఠీలో రంగులు కొనేసరికి జేబు ఖాళీ. అందుకని రంగుల్లో కలిపే అవిసె నూనె మాత్రం సందు చివరి హార్డ్‌వేర్ షాపులో, డబుల్ బాయిల్డ్ రకం, లీటరు డబ్బా. అది తలుపులకు వేసేది. బొమ్మలో పడితే పైన మీగడ కట్టి ముడతలు పడుతుంది, రానురాను నల్లబడుతుంది. చిత్రకారుల కోసం శుద్ధి చేసిన అవిసె నూనె చిన్న సీసా ఒకటుంటే నెలల తరబడి వస్తుంది.

మొదలుపెట్టడం సులువే. ఎల్లో ఓకర్‌ని, అంటే మట్టిపసుపుని, టర్పెంటైన్‌తో పల్చగా చేసి కాన్వాసంతా పూసి, గుడ్డతో తుడిచేస్తే తెల్లదనం కళ్లలో గుచ్చుకోదు. దాని మీద నాలుగే ఆకారాలు: ఆకాశం, దూరపు గుట్టలు, పొలం, నీడతో కలిపి వాము. గడ్డిపోచల జోలికి అప్పుడే పోకూడదు.

కొంప మునిగేది నీడ దగ్గర. నీడంటే నలుపని రాయుడి నమ్మకం. నలుపు తగలగానే పక్కనున్న పసుపు పాచిరంగుకు తిరుగుతుంది. దాన్ని సరిచెయ్యడానికి ఎరుపు, ఎరుపును అణచడానికి తెలుపు. పావుగంటలో రంగులు కలిపే పలక, అదే పాలెట్, మీద మూసీ పారుతుంది. మోనే నీడలో ఉన్నది ఊదా. అల్ట్రామెరీన్ నీలం, అలిజరిన్ క్రిమ్సన్ ఎరుపు, కాస్త తెలుపు, అంతే. పక్కన నారింజ పడ్డాక ఆ ఊదా దానంతటదే వెలుగుతుంది. కలిపేది రెండు రంగులు, మహా అయితే మూడు. ఒక్క పూత పెట్టి కుంచె ఎత్తెయ్యాలి, గుడ్డకు తుడవాలి, మళ్లీ ముంచాలి. మనవాడు దోసెపిండి తిప్పినట్టు గుండ్రంగా తిప్పుతాడు, అడుగున తడిగా ఉన్నదంతా పైకి తేలుతుంది.

ఇక ఎండడం. శ్రావణమాసపు ముసురు, ఫ్యాను ఐదులో. నూనె నీళ్లలా ఆవిరైపోదు, గాలిలోని ఆక్సిజన్ పట్టుకుని గట్టిపడుతుంది. పల్చని పూతకే కొన్ని రోజులు కావాలి, మందంగా పెట్టినచోట వారాలు, ఒక్కోసారి నెలలు. ఫ్యాను వల్ల బొమ్మకు దక్కేది దుమ్మూ, ఒక దోమా. ఈలోగా వరలక్ష్మీ వ్రతానికొచ్చిన అత్తగారు సోఫాలో కూర్చుంటారు, పోచంపల్లి పట్టుచీర కొంగు వెనక్కి వేస్తారు. ఆ వెనకే ఆనించి ఉంటుంది తడి ఆరని జివెర్నీ బొమ్మ. కొంగుకు రంగంటుకుంటుంది. రాయుడు నీళ్లు పోసి రుద్దబోతాడు. రుద్దితే రంగు పోగుల్లోకి దిగుతుంది. చెంచా అంచుతో పైపైన తీసి డ్రైక్లీనింగుకు పంపాల్సిందే, మాటలు పడాల్సిందే.

(నవ్వులాట కాని సంగతి ఒకటి: నూనె గుడ్డల్ని ఉండచుట్టి బుట్టలో వేస్తే లోలోపల వేడెక్కి వాటంతటవే అంటుకోగలవు. నీళ్లలో ముంచి మూతున్న రేకు డబ్బాలో వెయ్యాలి.)

గోడకెక్కిన బొమ్మను చూసి పిల్లలు దమ్ మీదున్న బిర్యానీ హండీ అని తేల్చేస్తారు. నల్లగొండ నుంచి వచ్చిన నాయనమ్మ మాత్రం కళ్లజోడు పెట్టుకుని దగ్గరికొస్తుంది.

"వాము అంటరేందిరా? ఇది కుప్ప. ఇంకా నూర్వలే."

ముసలమ్మదే నిజం. లోకమంతా గడ్డి గడ్డి అంటున్నా, అవి నూర్చని గోధుమ పనల కుప్పలు. ఒక్కోటి పదిహేను ఇరవై అడుగుల ఎత్తు. వాన పడకుండా పైన గడ్డి కప్పు. రాయుడి మొహం వెలిగిపోతుంది.

"కప్పు మంచిగనే ఏసినవ్ బిడ్డా. గని పక్కన గా నల్లటిదేంది, బర్రె పండుకున్నదా?"